ఒకే అడవి, అనేక గీతలు: ఖమ్మం – భద్రాచలం సరిహద్దులో వివక్ష కొందరి మీద ఎందుకు ఎక్కువగా పడుతున్నది? (ఒక చారిత్రక పరిశీలన)

ఉపోద్ఘాతము

2008 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారములో, భద్రాచలమునకు ఉత్తరముగా అడవి అంచున ఉన్న ఒక చిన్న గ్రామములో వాగు ఒడ్డున బాప్తిస్మపు ఆరాధన జరిగింది. ఆ దినము నలుగురు నీళ్ళలోకి దిగారు. ఒకరు కోయ యువకుడు. ఒకరు తండా నుండి వచ్చిన లంబాడీ తల్లి. ఒకరు మాదిగ యువకుడు, బి.ఇడి. ముగించి డి.ఎస్.సి. పరీక్షకు చదువుకొంటున్నవాడు. నాలుగవవాడు ఛత్తీస్‌గఢ్ నుండి అడవి దాటి వచ్చిన గుత్తికోయ పెద్ద. నలుగురికీ ఒకే నామములో బాప్తిస్మము ఇచ్చాను. నలుగురి కొరకు ఒకే ప్రార్థన చేశాను.

తరువాత ఇప్పచెట్టు క్రింద కూర్చొని సంఘపు రిజిస్టరు తెరిచాను. కోయ యువకుడు సంతోషముగా సంతకము చేశాడు. లంబాడీ తల్లి వ్రేలిముద్ర వేసింది. మాదిగ యువకుడు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, నా పేరు పుస్తకంలో ఎక్కించకండి. రేపు ఎవరైనా ఇది తీసి చూపిస్తే నా సర్టిఫికెట్ పోతుంది" అన్నాడు. గుత్తికోయ పెద్దను ఊరి పేరు అడిగాను. ఆయన చెప్పినది కోయ యువకుడు నాకు తెలుగులో చెప్పాడు: "కాలిపోయిన ఊరు రాయాలా, ఇప్పుడు ఉంటున్న చోటు రాయాలా అని అడుగుతున్నాడు అయ్యగారూ. ఇప్పుడున్న చోటుకి పేరు లేదంట."

నీళ్ళలో ఒక్కటిగా ఉన్న ఆ నలుగురు రిజిస్టరు దగ్గరకు వచ్చేసరికి నాలుగు రకముల మనుష్యులయ్యారు. నలుగురూ పేదవారే. నలుగురినీ పై కులములవారు తక్కువగా చూచినవారే. అయినను వారు మోయుచున్న బరువు సమానము కాదు. ఎందుకు సమానము కాదు? ఈ ప్రశ్న అప్పటినుండి నన్ను విడువలేదు. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఒక్కటే. కొందరి మీద వివక్ష ఎక్కువగా పడుటకు కారణము వారి స్వభావములో లేదు. ఇతరులకు వారి మీద ఉన్న ద్వేషము ఒక్కటే కూడ కారణము కాదు. చరిత్రలో పరిపాలకులు, చట్టములు, ఊరు, చివరకు సంఘము కూడ కొన్ని గీతలు గీశాయి. ఎన్ని గీతలు ఒకే మనిషి మీదుగా పోతే, అతనికి అంత నీడ తగ్గుతుంది. దీనిని మన ప్రాంతపు చరిత్ర నుండి చూపించుటకు ప్రయత్నిస్తాను.

1. ప్రశ్నను సరిగా అడుగుట

"ఎవరి బాధ ఎక్కువ?" అని తూకము వేయుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. అటువంటి తూకము పేదలను ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తుంది. డా. బి.ఆర్. అంబేద్కర్ కుల వ్యవస్థను మెట్ల వంటి అసమానతగా వివరించారు. ప్రతి మెట్టు మీద ఉన్నవానికి తన క్రింద ఒకడు కనబడుతాడు గనుక అందరును కలిసి ఆ నిచ్చెనను పడద్రోయరని ఆయన గ్రహించారు. మన అడవి గ్రామములలో కోయలు మాల, మాదిగల ఇండ్లలో భోజనము చేయకపోవుట, మాలలు మాదిగలను దూరముగా ఉంచుట, వీరందరును కలిసి గుత్తికోయలను "అవతలివాళ్ళు" అనుట – ఇవన్నియు ఆ మెట్లే.

అయితే మెట్ల పోలిక ఒక్కటే చాలదు. అమెరికాలో 1976లో జరిగిన ఒక దావా ఇక్కడ మనకు సహాయపడుతుంది. జనరల్ మోటార్స్ కంపెనీ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు కోర్టుకు వెళ్ళారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకొనలేదు. తరువాత పని తగ్గినప్పుడు, చివర చేరినవారిని ముందు తీసివేయాలనే నియమమును బట్టి వారు ఉద్యోగములు పోగొట్టుకొన్నారు. కంపెనీ స్త్రీలను తీసుకొన్నది గనుక స్త్రీలపట్ల వివక్ష లేదని కోర్టు చెప్పింది. కాని ఆ స్త్రీలు తెల్లవారు. నల్లజాతివారిగాను స్త్రీలుగాను కలిపి ఒక ప్రత్యేకమైన ఫిర్యాదు చేయుటకు వీలులేదని కూడ చెప్పింది. న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో ఈ కేసును ఆధారము చేసికొని, రెండు దారులు కలిసే కూడలిలో నిలిచినవానికి రెండు వైపుల నుండియు దెబ్బ తగులునని, కాని చట్టము ఒక్కొక్క దారినే చూచునని వివరించారు. ఏ తేదీన చేరావు అనే మామూలు నియమము కూడ కొందరికి గోడ కాగలదని ఈ కేసు చూపుతున్నది. మన అడవిలోను ఇటువంటి తేదీ ఒకటి ఉన్నది. దానిని ముందు చూద్దాము.

2. నది గీసిన గీత

గోదావరి రెండు ఒడ్డుల మీద ఉన్న కోయలు ఒకే జనము. ఒకే భాష, ఒకే వేల్పులు, ఒకే పండుగలు. కాని 1860లో ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతము నిజాము నుండి బ్రిటిషువారికి వచ్చింది. దానిని మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉంచారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. కుడి ఒడ్డున ఉన్న పాల్వంచ, ఖమ్మం వైపు నిజాము రాజ్యములోనే మిగిలింది. అటవీ ప్రజలు ఎక్కడికీ కదలలేదు. గీత మాత్రము కదిలింది.

గీత కదిలితే బ్రతుకు కూడ మారుతుంది. మద్రాసు ప్రభుత్వము క్రిందికి వచ్చిన తరువాత రేకపల్లి ప్రాంతములో పోడు మీద పన్ను పెరిగింది. కొన్ని అడవులలో పోడు కొట్టుకొనుట ఆపివేశారు. 1879లో రంపలో లేచిన తిరుగుబాటు రేకపల్లి వైపునకు వ్యాపించుటకు ఇది ఒక ముఖ్య కారణము.

భూమి విషయములో కూడ రెండు ఒడ్డులకు రెండు చరిత్రలు ఉన్నవి. మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ భూ బదలాయింపు చట్టము చేసింది. ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేక కొండజాతివారి భూమి ఇతరుల చేతికి పోకూడదని దాని ఉద్దేశము. కుడి ఒడ్డున అటువంటి రక్షణ చాల కాలము లేదు. 1940లో ఆదిలాబాదు అడవులలో కుమ్రం భీం పోరాటము, ఆయన మరణము జరిగిన తరువాత నిజాము ప్రభుత్వము క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గిరిజనుల స్థితి పరిశీలించుటకు నియమించింది. ఆయన పాపికొండలలోని కొండరెడ్ల మీద 1945లో ప్రచురించిన గ్రంథము ఇప్పటికీ మనము చదువదగినది. 1946లో గిరిజన ప్రాంతముల రెగ్యులేషన్ వచ్చింది. అంటే ఒకే జనములో ఎడమ ఒడ్డువానికి కాగితము మీద దొరికిన రక్షణ కుడి ఒడ్డువానికి దొరకుటకు దాదాపు ముప్పది ఏండ్లు పట్టింది.

1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు మార్చారు. అదే సంవత్సరము ఆంధ్ర ప్రాంతపు ఏజెన్సీకి వచ్చిన 1వ నంబరు భూ బదలాయింపు రెగ్యులేషన్ 1963లో తెలంగాణకు కూడ వర్తించింది. 1970లో దానిని గట్టిపరిచారు. మన ఊళ్ళలో "వన్ ఆఫ్ సెవెంటీ" అని అందరికీ తెలిసిన చట్టము ఇదే. షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదే అని ఈ చట్టము మొదట భావిస్తుంది. కాదని రుజువు చేయవలసినవాడు గిరిజనేతరుడే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఈ రక్షణను మరింత బలపరిచింది.

ఈ చట్టము లేకపోతే కోయలకు ఈ రోజు భూమి మిగిలి ఉండేది కాదని నేను నమ్ముతున్నాను. కాని దాని గీత ఎవరి మీదుగా పోయిందో కూడ చూడాలి. ఏజెన్సీ గ్రామములలో నేతపని, డప్పు, చెప్పుల పని, ఊరి చాకిరి చేస్తూ తరతరములుగా ఉన్న మాల, మాదిగ కుటుంబములు కూడ చట్టము దృష్టిలో గిరిజనేతరులే. మైదానము నుండి వచ్చిన ధనిక రైతు బినామీ పేరు వెదకుకొన్నాడు, వకీలును పెట్టుకొన్నాడు, అప్పుపత్రము వ్రాయించుకొన్నాడు. మాదిగవానికి ఈ దారులు లేవు. బలవంతుని ఆపుటకు కట్టిన కంచెను బలవంతుడు దాటిపోయాడు. దాని వెలుపల పేదవాడు నిలిచిపోయాడు.

2006 అటవీ హక్కుల చట్టములో కూడ ఇదే కనబడుతుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుండి అడవి భూమి సాగు చేస్తున్న గిరిజనునికి హక్కు ఉన్నది. గిరిజనేతరుడైతే, ఆ తేదీకి ముందు మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, అడవి మీద ఆధారపడి అక్కడే ఉన్నట్లు చూపించాలి. చదువులేని వెట్టివాని తాత పేరు ఏ రికార్డులో ఉంటుంది?

గీత కదలుట ఇంకను ఆగలేదు. 2014లో పోలవరం ప్రాజెక్టు కొరకు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు, భద్రాచలం, బూర్గంపాడు మండలములలోని భాగములు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణము తెలంగాణలో ఉండగా దాని చుట్టునున్న అనేక గ్రామములు మరియొక రాష్ట్రమయ్యాయి.

3. మతము గీసిన గీత

మాదిగ యువకుడు తన పేరు వ్రాయవద్దని ఎందుకు బ్రతిమాలాడు? దీనికి జవాబు 1936లో మొదలవుతుంది. ఆ సంవత్సరము బ్రిటిషు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల జాబితా ప్రకటించినప్పుడు, భారతీయ క్రైస్తవుడెవడును ఆ జాబితాలోనివాడుగా ఎంచబడడని నియమము పెట్టింది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడవ పేరా ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు వెలుపలనే ఉన్నారు.

అదే 1950లో, ఒక నెల తరువాత వచ్చిన షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతము మాట లేదు. కాబట్టి ఆ కోయ యువకుడు బాప్తిస్మము పొందినను ఎస్.టి. గానే ఉన్నాడు. మాదిగ యువకుడు అదే వాగులో అదే బాప్తిస్మము పొందితే చట్టము దృష్టిలో ఎస్.సి. కాడు. మన రాష్ట్రములలో అతడు బి.సి.-సి అవుతాడు. 1970లో ఏర్పడిన ఈ వర్గమునకు 1 శాతము రిజర్వేషను ఉన్నది, ఎస్.సి.లకు 15 శాతము. 1977లో ఒక జీవో ద్వారా దళిత క్రైస్తవులకు కొన్ని రాయితీలు ఇచ్చినను, రిజర్వుడు నియోజకవర్గములు, 1989 అత్యాచారముల నిరోధక చట్టపు రక్షణ వారికి రాలేదు.

కోర్టులు కూడ ఈ గీతను చెరిపివేయలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతము మారిన తరువాత కూడ కులపు బాధలు అదే తీవ్రతతో కొనసాగుతున్నవని రుజువు కావాలని చెప్పింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డు కుల హోదాను మతము నుండి విడదీయాలని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022 అక్టోబరులో ఇదే విషయము పరిశీలించుటకు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషన్‌ను నియమించారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా ఇవ్వాలని తీర్మానము చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసము పాటిస్తూ ఉద్యోగము కొరకు మాత్రమే హిందువునని చెప్పుకొనుట చెల్లదని తీర్పు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులము పేరుతో తనను దూషించి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవుడైనవాడు ఎస్.సి., ఎస్.టి. అత్యాచారముల నిరోధక చట్టమును ఆశ్రయించలేడని చెప్పింది.

పాస్టర్లమైన మనము ఇక్కడ ఒక నిజము ఒప్పుకోవాలి. మాదిగ విశ్వాసి ఇంటికి వచ్చి అతనిని కులము పేరుతో తిట్టేవాడు అతని బాప్తిస్మపు సర్టిఫికెట్ చూచి తిట్టుట మానడు. ఊరి దృష్టిలో అతని కులము మారలేదు. చట్టము దృష్టిలో మాత్రము మారింది. దెబ్బ పాత పేరు మీదనే పడుతుంది. మందు మాత్రము క్రొత్త పేరు చూచి ఆపివేయబడుతుంది. దళిత క్రైస్తవునికి వివక్ష ఎక్కువ అని మనము చెప్పునప్పుడు దాని అర్థము ఇదే.

కోయ క్రైస్తవులు ఈ విషయములో నిశ్చింతగా ఉండవచ్చునని కూడ అనుకొనకూడదు. మతము మారిన గిరిజనులను ఎస్.టి. జాబితా నుండి తొలగించాలని దేశములో కొన్ని సంస్థలు చాల కాలముగా అడుగుతున్నవి. ఒక సహోదరుని మీద పడిన గీత రేపు మరియొక సహోదరుని మీదికి రావచ్చును.

4. జాబితా గీసిన గీత, తేదీ గీసిన గీత

లంబాడీల చరిత్ర చూస్తే జాబితా ఎంత బలమైనదో అర్థమవుతుంది. ఒకే భాష మాట్లాడే ఈ జనము కర్ణాటకలో షెడ్యూల్డు కులము. మహారాష్ట్రలో విముక్త జాతి. మన దగ్గర షెడ్యూల్డు తెగ. తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు ఈ హోదా 1976 సవరణ చట్టముతో వచ్చింది. అప్పటినుండి వారి పిల్లలు చదువులోను ఉద్యోగములలోను ముందుకు వచ్చారు. తమ వాటా తగ్గినదని కోయలు, గోండులు ఆవేదన చెందుతున్నారు. ఈ తగవును తీర్చుట ఈ వ్యాసపు పని కాదు. ఒక్కటి మాత్రము గమనించాలి: ఒక కుటుంబము ఎంత వివక్షను తట్టుకొనగలదు అనేది అది రాష్ట్ర సరిహద్దుకు ఏ వైపున ఉన్నది అనే దానిని బట్టి కూడ ఉంటుంది.

1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో దీనినే చట్టముగా స్థిరపరిచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.టి.గా గుర్తింపు ఉన్న విద్యార్థి బొంబాయి వైద్య కళాశాలలో అదే హోదా కోరాడు. ఒక రాష్ట్రపు హోదా మరియొక రాష్ట్రమునకు వెంట రాదని కోర్టు చెప్పింది. ఉద్యోగము కొరకు, చదువు కొరకు వెళ్ళినవానికి ఇది ఒక నష్టము. ప్రాణము కొరకు పారిపోయి వచ్చినవానికి ఏమి జరుగుతుంది?

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగములో సల్వాజుడుం మొదలయింది. గ్రామములను ఖాళీ చేయించి ప్రజలను రోడ్డు ప్రక్క శిబిరములకు తరలించారు. ఒకవైపు మావోయిస్టులు, మరియొకవైపు సల్వాజుడుం – ఈ రెండింటి నడుమ నలిగిన వేలాది మంది అడవి దాటి ఇటు వచ్చారు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం అడవులలో గుడిసెలు వేసికొన్నారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధములిచ్చి నిలుపుట రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. కాని తిరిగి వెళ్ళుటకు చాలమందికి ఊరు మిగలలేదు.

"గుత్తికోయ" అనునది మనము వారికి పెట్టిన పేరు. వారిలో ఎక్కువమంది మురియాలు. అక్కడ వారు షెడ్యూల్డు తెగ. మన ఎస్.టి. జాబితాలో కోయల ఉపశాఖలలో "గుట్ట కోయ" అనే పేరు ఉన్నది. అయినను వలస వచ్చిన వీరు వేరే రాష్ట్రమువారని చెప్పి ఇక్కడ గిరిజనులుగా గుర్తించలేదు. అటవీ హక్కుల చట్టపు తేదీ 2005 డిసెంబరు 13. వారు పారిపోవుట మొదలైనది అదే సంవత్సరము జూన్ తరువాత. ఆ తేదీ తరువాత వచ్చి అడవి నరికి జొన్న చల్లినవాడు హక్కుదారుడు కాడు, ఆక్రమణదారుడు. ఒక్క తేదీ అతని పేరు మార్చివేసింది.

2017 సెప్టెంబరులో ములుగు ప్రాంతములోని జలగలంచలో గుత్తికోయల గుడిసెలను కూల్చివేశారు. విషయము హైకోర్టు వరకు వెళ్ళింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలములో పోడు వివాదములో ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ప్రాణము పోగొట్టుకొన్న ఆ అధికారి కుటుంబపు దుఃఖము మనము తేలికగా తీసికొనరాదు. ఆ హత్యకు ఇద్దరు బాధ్యులని కోర్టు 2023లో తేల్చి వారికి జీవిత ఖైదు విధించింది. కాని హత్య జరిగిన కొద్ది దినములలోనే స్థానిక గ్రామ పంచాయతి గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయాలని తీర్మానము చేసింది. పై కులమువాడు నేరము చేస్తే అది అతని నేరము. ఎవరి పేరు ఏ జాబితాలోను లేదో, వారిలో ఒకడు నేరము చేస్తే అది జాతి నేరమవుతుంది. వివక్ష ఎంత లోతుగా ఉన్నదో కొలుచుటకు ఇది ఒక గుర్తు.

5. సంఘము గీసిన గీతలు

ప్రభుత్వము గీసిన గీతలను చూపించి ఊరుకొంటే మనము సగము నిజము చెప్పినట్లే. మన ప్రాంతములో సంఘ చరిత్ర దుమ్ముగూడెములో మొదలయింది. 1860 దశకములో గోదావరి మీద పడవల దారి పనులు చేయించుటకు వచ్చిన ఇంజనీరు హేగ్ ఆసక్తితో అక్కడ చర్చి మిషనరీ సొసైటీ కోయ మిషన్ ఏర్పడింది. తరువాత జాన్ కేన్ అక్కడ చాల కాలము సేవ చేసి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల ప్రజలను గూర్చి 1876 నుండి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వ్రాశారు. కుడి ఒడ్డున, ఖమ్మం ప్రక్కనున్న డోర్నకల్‌కు 1912లో బిషప్‌గా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య గారి కాలములో వేలాది మాలలు, మాదిగలు సంఘములోకి వచ్చారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని, సంఘము ఒక కులము వలె మారకూడదని అజరయ్య గారు వాదించారు. అది గొప్ప దర్శనము.

కాని ఆ దర్శనము ఊరిలోకి పూర్తిగా దిగలేదు. నేను సేవ చేసిన గ్రామములలో మాలలకు ఒక ప్రార్థన మందిరము, మాదిగలకు వీధి అవతల మరియొకటి చూచాను. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్ర త్రాగిన కోయ విశ్వాసి, ఆరాధన తరువాత దళిత విశ్వాసి ఇంటిలో నీళ్ళు పుచ్చుకొనకుండ వెళ్ళుట చూచాను. గుత్తికోయ కుటుంబములు వచ్చినప్పుడు గుమ్మము దగ్గరే కూర్చొనేవి. ఎవరును వారిని అక్కడ కూర్చొనుమనలేదు. ఎవరును లోపలికి పిలువనూ లేదు. నా ప్రసంగము తెలుగులో సాగేది. గంటసేపు వారు ఒక్క మాట కూడ అర్థము కాక కూర్చొన్నారని నాకు చాల ఆలస్యముగా తోచింది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము ఇక్కడ మన పాఠము. యెరూషలేము సంఘములో విధవరాండ్రందరును పేదలే. అయినను అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు చిన్నచూపునకు గురయ్యారు. వారు స్త్రీలు, విధవలు, పరభాషవారు – మూడు గీతలు ఒకచోట కలిసాయి. అపొస్తలులు "అందరూ సమానమే గదా" అని ఊరుకొనలేదు. సణుగుచున్నారని గద్దించనూ లేదు. పరిచర్యకు ఏర్పరచబడిన ఏడుగురి పేర్లు – స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నీకొలాసు వరకు – అన్నియు గ్రీకు పేర్లే. నీకొలాసు అంతియొకయ నుండి వచ్చి యూదుల మతములో చేరినవాడు. ఎవరికి ఎక్కువ అన్యాయము జరిగెనో వారి భాష తెలిసినవారి చేతికే గిన్నె ఇచ్చారు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము కూడ పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని ఒక్కచోట పేర్కొని, పొలములో మరచిన పన వారిదని చెప్పుతున్నది. ఆ ముగ్గురికీ ఊరి గవిని యొద్ద తమ పక్షమున మాటలాడువాడు లేడు.

ముగింపు

ఆ దినము నేను మాదిగ యువకుని పేరు రిజిస్టరులో వ్రాయలేదు. ఆ వరుస ఖాళీగా విడిచిపెట్టాను. గుత్తికోయ పెద్ద పేరు ఎదుట కాలిపోయిన ఊరి పేరే వ్రాశాను. ఆ యువకుడు ఇప్పుడు ఉపాధ్యాయుడు. ఆదివారము వెనుక వరుసలో కూర్చొంటాడు; కూడికలలో ఫొటో తీయునప్పుడు లేచి బయటకు వెళ్తాడు. ఆ గుత్తికోయల గుంపు రెండు సంవత్సరముల తరువాత ఆ చోట లేదు. ఖాళీ వరుస విడుచుట సరియైన పనియో కాదో నేను ఇప్పటికీ నిశ్చయముగా చెప్పలేను. సత్యము దాచినానని నా మనస్సాక్షి ఒకవైపు, అతని ఇంటి అన్నము మరియొకవైపు ఉండెను. ఒక్కటి మాత్రము తెలిసింది. ధైర్యముగా ఒప్పుకొనుమని నేను పల్పిట్ మీద నుండి అందరికీ ఒకే ప్రసంగము చేశాను. కాని ఆ ఒప్పుకోలు ఖరీదు అందరికీ ఒకటి కాదు. కోయ యువకునికి అది సంతకము. మాదిగ యువకునికి అది అతని జీతము.

కాబట్టి వేదాంత విద్యార్థులకు, తోటి సేవకులకు నా మనవి ఇది. మొదటిది, మీ సంఘములో ప్రతి కుటుంబమును గూర్చి నాలుగు ప్రశ్నలు అడుగండి: వీరికి భూమి మీద హక్కు ఉన్నదా? వీరి పేరు ఏ జాబితాలో ఉన్నది? వీరి భాష మన ఆరాధనలో వినబడుతున్నదా? వీరికి అన్యాయము జరిగితే ఏ చట్టము నిలబడుతుంది? నాలుగింటికీ "లేదు" అని జవాబు వచ్చిన ఇంటికి మొదట వెళ్ళండి. రెండవది, 1950 ఉత్తర్వులోని మూడవ పేరాను గూర్చిన పోరాటమును దళిత విశ్వాసుల పోరాటముగా మాత్రమే విడువకండి. కోయ, లంబాడీ సంఘములు వారి ప్రక్కన నిలువాలి. అలాగే కోయల భూమి చట్టమును కాపాడుటలో దళిత సంఘములు నిలువాలి. మూడవది, ప్రభుత్వపు గీతలను మనము ఒక్క దినములో చెరపలేము; కాని రెండు మందిరముల మధ్యనున్న వీధిని, గుమ్మము దగ్గర కూర్చొన్న కుటుంబమును, త్రాగకుండ విడిచిన నీళ్ళ చెంబును మన చేతులతోనే సరిచేయగలము. వాటికి ఏ కోర్టు అనుమతియు అవసరము లేదు.

ఆ రిజిస్టరు ఇంకను నా యొద్ద ఉన్నది. ఆ పుటలో మూడు పేర్లు, ఒక ఖాళీ వరుస ఉన్నవి. ఆ ఖాళీలో అతడు భయము లేకుండ తన చేతితోనే పేరు వ్రాసికొనే దినము కొరకు నేను ప్రార్థించుచున్నాను.